నికెల్ కడ్డీ మోతలో క్యూరీ బిందువును పట్టుకోవడం

నికెల్‌ను వేడి చేస్తూ పోతే 358 °సె. దగ్గర అది అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. ఆ వేడినే క్యూరీ బిందువు అంటారు. ఇది డిగ్రీ విద్యార్థులందరికీ తెలిసిన సంగతే. తక్కువమందికి తెలిసింది ఏమిటంటే, ఆ లోహపు బిగువు, అంటే యంగ్ గుణకం, అంతకు చాలా ముందు నుంచే వింతగా నడుస్తుంది. మామూలు లోహం వేడెక్కేకొద్దీ కొద్దికొద్దిగా మెత్తబడుతుంది, అంతే. బాగా అనీల్ చేసిన, అంటే ఎక్కువ వేడిలో ఉంచి నెమ్మదిగా చల్లార్చిన, నికెల్ అలా కాదు. 200 °సె. సమీపం వరకు గబగబా మెత్తబడి, అక్కడినుంచి వేడెక్కుతున్నా మళ్ళీ బిగుసుకుంటుంది. 358 దాటాక బుద్ధిగా మామూలు లోహాల దారిలో పడుతుంది.

ఈ వంపును గీయడానికి పెద్ద పరిశోధనశాల అక్కర్లేదు. దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, ఏ ఊళ్ళోని కాలేజీ అయినా సరే, ఒక వెల్డింగు కడ్డీ, చేత్తో చుట్టిన కొలిమి, ఒక మైకు, ఒక లాప్‌టాప్ ఉంటే చాలు. కడ్డీని తడితే వచ్చే స్వరం దాని బిగువును బట్టి మారుతుంది, మనం కొలిచేది ఆ స్వరాన్నే. కష్టమంతా పరికరంలో కాదు, కడ్డీని సిద్ధం చేయడంలో ఉంది. అందుకే ముందు కారణం తెలుసుకోవాలి.

నికెల్ స్ఫటికంలో అయస్కాంత డొమైన్లు, అంటే ఒక్కోటీ ఒక్కో దిశలో అయస్కాంతమై ఉన్న చిన్న చిన్న ప్రాంతాలు, ఉంటాయి. ఒక్కో డొమైన్ తన అయస్కాంత దిశలో కాస్త కురచగా ఉంటుంది. సంతృప్తం చేసినప్పుడు, అంటే డొమైన్లన్నీ ఒకే దిశకు తిరిగేదాకా అయస్కాంతీకరించినప్పుడు, నికెల్ పది లక్షల్లో సుమారు 34 వంతులు కురచవుతుంది. కడ్డీని లాగినా వంచినా డొమైన్ల సరిహద్దులు జరుగుతాయి, దిశలు తిరుగుతాయి. ఆ తిరగడం వల్ల కలిగే కొలత మార్పు మామూలు సాగుదలకు తోడవుతుంది. అదే బలానికి ఎక్కువ సాగింది కాబట్టి కడ్డీ మెత్తగా ఉన్నట్టు కనిపిస్తుంది. వేడెక్కేకొద్దీ డొమైన్లను ఒక దిశలో కట్టిపడేసే స్ఫటిక బంధం సడలి, 200 °సె. సమీపానికి దాదాపు లేకుండా పోతుంది. అప్పుడు డొమైన్లు ఇంకా తేలిగ్గా తిరుగుతాయి, కడ్డీ ఇంకా మెత్తబడుతుంది. ఆపైన అయస్కాంతత్వమే క్షీణిస్తుంది, దానితోపాటు ఆ కురచదనమూ తగ్గుతుంది. తిరిగినా కొలతలో మార్పు రాదు కాబట్టి బిగువు తిరిగి వస్తుంది. 358 దగ్గర కథ ముగుస్తుంది.

దీన్నిబట్టి ఒక సంగతి తేలుతుంది. కడ్డీ లోపల పాత ఒత్తిళ్ళు మిగిలి ఉంటే, అవే డొమైన్లను బిగపట్టి ఉంచుతాయి. తీగ లాగే యంత్రంలోంచి వచ్చిన నికెల్‌లో ఈ వంపు దాదాపు కనిపించదు. ప్రయోగం చేశాం, ఏమీ రాలేదని వదిలేసేవారిలో ఎక్కువమంది అనీల్ చేయని కడ్డీ వాడినవారే.

కడ్డీ ఎక్కడ దొరుకుతుంది

పోత ఇనుమును అతికే నికెల్ ఎలక్ట్రోడు లోపలి తీగ మనకు సరిపోతుంది. వెల్డింగు సామాను అమ్మే దుకాణంలో అడగండి. ప్యాకెట్ మీద ఈఎన్ఐ-సీఐ అని ఉండాలి. ఈఎన్ఐఎఫ్ఈ-సీఐ అని ఉంటే అది నికెల్, ఇనుము కలిసిన రకం, పనికిరాదు. 4 మి.మీ. తీగ ఉన్నది తీసుకోండి. పైనున్న పూతను సుత్తితో కొట్టి రాల్చకండి, తీగ వంగుతుంది. బల్ల మీద పెట్టి చెక్కపలకతో నొక్కి దొర్లిస్తే పూత పగిలి రాలిపోతుంది. మిగిలినది ఎమరీ కాగితంతో తీయాలి.

కొన్నది నిజంగా నికెలేనా అని ముందే చూసుకోవాలి. చిన్న ముక్కను పాత స్పీకరు అయస్కాంతానికి తగిలించి, చివరను గ్యాసు మంటలో పెట్టండి. స్వచ్ఛమైన నికెల్ ఎరుపు రంగు రాకముందే పట్టు వదులుతుంది. ఎర్రబడుతున్నా అంటుకునే ఉంటే అందులో ఇనుముంది. దీనికి నియోడిమియం అయస్కాంతం వాడకండి. సాధారణ రకాలు 80 °సె. దాటితే బలం కోల్పోతాయి. లోహపు దుకాణంలో నికెల్ అడిగితే ఒక్కోసారి మోనెల్ అనే నికెల్-రాగి మిశ్రమం ఇస్తారు. మోనెల్ క్యూరీ బిందువు గది వేడి దగ్గరే ఉంటుంది, కాబట్టి అది అయస్కాంతానికి అంటీ అంటనట్టు ఉంటుంది.

ఒకే తీగనుంచి 120 మి.మీ. ముక్కలు రెండు కోయండి. చివరలు లంబంగా ఉండేలా ఆకురాయితో చదును చేయండి. ఒకదాన్ని అనీల్ చేయాలి, రెండోదాన్ని ఉన్నదున్నట్టు ఉంచాలి. ఆ రెండోదే మీకు సాక్షి. అనీలింగ్‌కు ముందు సబ్బు నీటితో, తరవాత అసిటోన్‌తో జిడ్డంతా పోయేలా కడగండి. కోసేటప్పుడు వాడే నూనెల్లో గంధకం ఉంటుంది. వేడిలో అది నికెల్ రేణువుల మధ్యకు చొరబడి కడ్డీని పెళుసు చేస్తుంది. బొగ్గుపొడిలో పాతిపెట్టి వేడి చేయడం కూడా ఇందుకే వద్దు. బొగ్గు నుంచి గంధకమూ కర్బనమూ రెండూ ఎక్కుతాయి. టిగ్ వెల్డింగు చేసేవారి దగ్గరి ఆర్గాన్ వాయువును సన్నగా వదులుతూ, 850 °సె. దగ్గర గంటసేపు ఉంచి, కొలిమిలోనే చల్లారనివ్వండి. ఆ తరవాత ఆ కడ్డీని కింద పడేయకూడదు, వంచకూడదు, పకడ్‌తో పట్టకూడదు. చిన్న దెబ్బకే లోపల మళ్ళీ ఒత్తిడి పుడుతుంది.

ముక్క బరువు సుమారు 13.4 గ్రాములు రావాలి. దానికి చాలా తక్కువ వస్తే వ్యాసాన్ని మళ్ళీ కొలవండి.

కొలిమి

ఇనుప గొట్టం వాడకూడదు. అది తానే అయస్కాంతమై మన కడ్డీని ప్రభావితం చేస్తుంది. 60 మి.మీ. బయటి వ్యాసం, 300 మి.మీ. పొడవు ఉన్న పింగాణీ జాతి గొట్టం తీసుకోండి. మల్లైట్ అయితే మంచిది. దాని మీద 0.7 మి.మీ. కాంథాల్ తీగ (హీటర్లలో వాడే నిరోధక తీగ) 8 మీటర్లు చుట్టాలి. దీని నిరోధం దాదాపు 30 ఓములు. 80 వోల్టులు ఇస్తే 2.7 ఆంపియర్లు పారి 210 వాట్ల వేడి వస్తుంది. మన పనికి అంతే చాలు.

చుట్టే తీరు ముఖ్యం. మామూలుగా ఒకే దిశలో చుడితే కొలిమి కాస్తా సోలెనాయిడ్, అంటే విద్యుదయస్కాంతపు చుట్ట, అవుతుంది. దాని క్షేత్రం డొమైన్లను కదుపుతూ ఉంటే మీరు కొలిచేది ఏమిటో మీకే తెలియదు. తీగను మధ్యకు మడిచి, జంట తీగగా చుట్టండి. పక్కపక్క తీగల్లో కరెంటు ఎదురెదురుగా పారి క్షేత్రం రద్దవుతుంది. జంటలోని రెండు తీగల మధ్య 5 మి.మీ. ఎడం వదిలి, పైన అగ్నిమన్ను పూయండి. తీగ కొసలున్న వైపు పక్కపక్క తీగల మధ్య పూర్తి 80 వోల్టులూ ఉంటాయి, అక్కడ ఎడం తగ్గితే నిప్పురవ్వలు వస్తాయి. గొట్టం రెండు చివర్లా చుట్లు కాస్త దగ్గరగా వేయాలి, వేడి అక్కడే ఎక్కువ పోతుంది. పైన రెండంగుళాల సిరామిక్ ఊలు చుట్టండి. 80 వోల్టులకు తగ్గించడానికి వాడే వేరియాక్ (వోల్టేజి మార్చే ట్రాన్స్‌ఫార్మర్) మెయిన్సునుంచి విడిగా ఉండదు, ఎప్పుడూ షాకు కొట్టగలదు. బయటి లోహపు పెట్టెకు ఎర్తింగ్, లైనుకు లీకేజీ బ్రేకరు పెట్టకుండా స్విచ్ వేయవద్దు.

గొట్టంలో కడ్డీ పొడవునా వేడి ఒకేలా ఉండాలి. కడ్డీ ఒక చివర 350, రెండో చివర 362 ఉంటే క్యూరీ దగ్గరి మడత కాస్తా గుండ్రంగా అరిగిపోయినట్టు వస్తుంది. ఏసీ మరమ్మతు చేసేవారి దగ్గర దొరికే 35 మి.మీ. రాగి గొట్టం 150 మి.మీ. ముక్క లోపల పెట్టండి. రాగి అయస్కాంతం కాదు, పైగా వేడిని ఆ చివరినుంచి ఈ చివరికి సమంగా పంచుతుంది. ఈ ఒక్క ముక్కతో వంపు ఎంత బాగుపడుతుందో వేసి చూస్తేగానీ నమ్మరు.

ఆ రాగి గొట్టంలో పట్టేలా మెత్తని ఇన్సులేషన్ ఇటుక ముక్కను అరగదీసి, దాని మీద అడ్డంగా రెండు సిరామిక్ దారాలు బిగించండి. దారాల మధ్య దూరం 66 మి.మీ. కడ్డీని వాటి మీద పడుకోబెడితే ఒక్కో చివరనుంచి 26.9 మి.మీ. దగ్గర ఆనుతుంది. పొడవులో 0.224వ వంతు అన్నమాట. కడ్డీ వంగుతూ కంపించేటప్పుడు అక్కడ కదలిక ఉండదు, కాబట్టి ఆనిక మోతను చంపదు. మూడు నాలుగు మి.మీ. తేడా వచ్చినా మోత మొద్దుబారుతుంది.

కొలిమిని తూర్పు పడమరలుగా పెట్టండి. ఉత్తర దక్షిణాలుగా పెడితే భూమి క్షేత్రం కడ్డీ పొడవునా పారుతుంది. ఇనుప బల్ల, ఇనుప బీరువా దూరంగా ఉండాలి.

వేడి కొలిచే తీగ

కె రకం థర్మోకపుల్ చాలు, అంటే రెండు వేర్వేరు లోహపు తీగలు కొన దగ్గర అతికిన ఉష్ణమాపకం. దాని రెండు తీగల్లో అయస్కాంతానికి అంటుకునేది ఋణం వైపుది. రంగులు ఒక్కో దేశంలో ఒక్కో రకం కాబట్టి అయస్కాంతంతోనే తేల్చుకోండి. కొనను కడ్డీకి 1-2 మి.మీ. దూరంలో, రాగి గొట్టం లోపలే పెట్టండి. తగిలితే మోత చచ్చిపోతుంది.

మీటరు చూపేది నిజమో కాదో మూడు చోట్ల సరిచూసుకోవాలి. మొదటిది మరిగే నీరు. బరంపురంలో 100 °సె. చూపాలి. కోరాపుట్‌లో అయితే, ఊరు 870 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి, 97 చూపితేనే సరైనట్టు. అక్కడ వంద రాలేదని మీటరును తిప్పి సరిచేశారంటే అన్ని కొలతలూ పక్కకు పోతాయి. రెండోది స్వచ్ఛమైన తగరం, 231.9 దగ్గర కరుగుతుంది. రేడియో బాగుచేసే సోల్డర్ తగరం కాదు, సీసం కలిసిన రకం 183 దగ్గరే కరగడం మొదలవుతుంది. మూడోది సీసం, 327.5. దాని పొగ పీల్చకుండా గాలి ఆడేచోట చేయండి. కరిగిన లోహం చల్లారేటప్పుడు అంకె కాసేపు కదలకుండా నిలుస్తుంది, రాసుకోవలసింది ఆ అంకెనే.

మోగించడం, వినడం

కడ్డీ చివరను కింది నుంచి తేలికగా తట్టాలి. చివర్లలో కదలిక ఎక్కువ. 2 మి.మీ. పింగాణీ పుల్లను గొట్టం నోట్లోంచి మీటలా దూర్చి, బయటి కొస మీద ఎప్పుడూ ఒకే ఎత్తునుంచి ఒక గాజుపూస పడేలా ఏర్పాటు చేయండి. రెండో వైపు 6 మి.మీ. రంధ్రమున్న పింగాణీ గొట్టం ఒక అడుగు పొడవుది పెట్టి, దాని చల్లని చివర మైకు ఆనించండి. మైకు ఎప్పుడూ వేడి తగలని చోటే ఉండాలి.

ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరులో సెకనుకు 44,100 నమూనాల వేగంతో రికార్డు చేయండి. గది వేడి దగ్గర ప్రధాన స్వరం 1,120 నుంచి 1,180 హెర్ట్జ్ మధ్య పడాలి. లెక్క ఇది:

యంగ్ గుణకం = 1.6067 × (పొడవు³ ÷ వ్యాసం⁴) × ద్రవ్యరాశి × పౌనఃపున్యం²

అన్నీ మీటర్లు, కిలోలు, హెర్ట్జ్‌లలో వేస్తే జవాబు పాస్కల్‌లో వస్తుంది. కడ్డీ మందానికి దిద్దుబాటుగా 1.0055తో గుణించండి. వ్యాసం నాలుగో ఘాతంలో ఉంది కాబట్టి మైక్రోమీటరులో 0.01 మి.మీ. తప్పు జవాబులో ఒక శాతం తప్పవుతుంది. పదిచోట్ల కొలిచి సగటు తీసుకోండి. వేడితో మార్పు మాత్రమే కావాలంటే ఈ బాధే లేదు. పౌనఃపున్యాల నిష్పత్తిని వర్గం చేసి, (1 + వ్యాకోచ గుణకం × వేడి తేడా)తో భాగిస్తే చాలు. నికెల్‌కు 400 °సె. వరకు సగటు వ్యాకోచ గుణకం డిగ్రీకి పది లక్షల్లో సుమారు 15 వంతులు. మొత్తం దిద్దుబాటు అర శాతం పైచిలుకే.

ఇక్కడ అందరూ చిక్కుకునే చోటు ఒకటుంది. స్వరం పౌనఃపున్యం తేల్చడానికి ఒకేసారి విశ్లేషించే రికార్డు ముక్కను విండో అంటారు. పెద్ద విండో, అంటే 65,536 నమూనాలు పెడితే 0.7 హెర్ట్జ్ దాకా తేడా కనిపిస్తుందని పుస్తకం చెబుతుంది. మోత సెకనున్నర పాటు నిలిస్తేనే అది నిజం. అనీల్ చేసిన నికెల్ అలా మోగదు. తట్టితే టంగుమనదు, టప్పుమంటుంది. డొమైన్ల కదలిక కంపన శక్తిని తినేస్తుంది, మోత సెకనులో కొద్ది వంతులోనే అణగిపోతుంది. అప్పుడు పెద్ద విండోలో నిండేదంతా ఫ్యాను హోరు. 8,192 పెట్టి, పదిసార్లు తట్టి, శిఖరం మధ్యబిందువుల సగటు తీయండి. 358 దాటాక అదే కడ్డీ గంటలా మోగుతుంది, అప్పుడు పెద్ద విండోకు మారండి. ఈ తేడా చెవికే తెలుస్తుంది. మోత ఎంతసేపు నిలిచిందో కూడా రాసిపెట్టుకోండి, బిగువు ఎంత విలువైన కొలతో అదీ అంతే.

గట్టిగా తడితే స్వరం కాస్త కిందికి దిగుతుంది, ఎక్కువ డొమైన్లు కదులుతాయి కాబట్టి. పూస ఎత్తు మార్చవద్దు అన్నది ఇందుకే.

వేడిని 20 డిగ్రీల మెట్లుగా పెంచండి, 340 నుంచి 370 వరకు మాత్రం 3 డిగ్రీల మెట్లు. ప్రతి మెట్టు దగ్గర పది నిమిషాలు ఆగాలి. మొదటి సారి 400 దాకా తీసుకెళ్ళి చల్లార్చడం కొలత కోసం కాదు, కడ్డీలో మిగిలిన అయస్కాంతత్వం చెరిపేయడానికి. రెండోసారి నుంచి రాసుకోండి. తట్టేటప్పుడు కొలిమి కరెంటు ఆపండి. లేకపోతే 50 హెర్ట్జ్ గుణిజాలన్నీ పటంలో బారులు తీరతాయి. 1,150 కూడా ఆ బారులోదే, సరిగ్గా మన స్వరం మీద కూర్చుంటుంది. సాయంత్రం వోల్టేజి పడిపోయే ఊళ్ళలో ఈ పని తెల్లవారుజామున పెట్టుకోవడం మేలు.

వేడెక్కేటప్పటి గీత, చల్లారేటప్పటి గీత ఒకదాని మీద ఒకటి పడాలి. నికెల్ క్యూరీ మార్పులో గుప్తోష్ణం లేదు, వెనుకబాటు (వేడెక్కేటప్పుడు ఒకచోట, చల్లారేటప్పుడు ఇంకోచోట మారడం) లేదు. రెండు గీతల మధ్య ఎడముంటే థర్మోకపుల్, కడ్డీ ఒకే వేడిలో లేవని అర్థం, ఇంకాస్త ఆగి కొలవండి. అనీల్ చేయని సాక్షి కడ్డీని కూడా ఇదే తీరున నడిపి, రెండు గీతలనూ ఒకే కాగితం మీద గీయండి. 358కి పైన రెండూ పక్కపక్కనే నడిచి, కింద విడిపోతే మీ ప్రయోగం కుదిరినట్టే. పైన కూడా విడిపోతే తప్పు కడ్డీ కొలతల్లో వెతకండి.

వెనుకబాటు నిజంగా ఉండే లోహం చూడాలంటే కోబాల్ట్ తీసుకోండి. 420 °సె. దాటాక దాని స్ఫటికపు షడ్భుజ అమరిక సమఘన (క్యూబిక్) అమరికగా మారుతుంది, చల్లారేటప్పుడు ఇంకా కింది వేడి దగ్గర తిరిగి వస్తుంది. అణువుల పొరలు జారి కొత్త వరుసలో కూర్చునే మార్పు అది. కోబాల్ట్ అయస్కాంతత్వం పోయేది 1,100 పైనే కాబట్టి దీనికీ దానికీ ముడి లేదు.

మన వాతావరణంలోనే మారే లోహాలు

కొలిమి లేకుండా పని జరిగేవి రెండున్నాయి. గడోలినియం క్యూరీ బిందువు 20 °సె. సమీపం. డిసెంబరు తెల్లవారుజామున కోరాపుట్ గదిలో అది అయస్కాంతం, మే నెల బరంపురంలో కాదు. వేడెక్కుతూ ఆ బిందువును సమీపించేటప్పుడు దాని షడ్భుజ స్ఫటికం నిలువు అక్షం పెరగాల్సింది పోయి కురచవుతుంది. క్రోమియం మార్పు 38 °సె. దగ్గర. దాని అయస్కాంత అమరిక పక్కపక్క అణువులు ఎదురెదురుగా ఉండే రకం, కాబట్టి ఏ అయస్కాంతానికీ అంటదు. అయినా 38 దగ్గర యంగ్ గుణకం సూటిగా గుంటలో పడి లేస్తుంది. అంటుకోని లోహంలో అయస్కాంత మార్పును మోతతో పట్టడం, బోధన దృష్టితో చూస్తే, నికెల్ కన్నా గొప్ప ప్రదర్శన.

క్రోమియం స్వచ్ఛమైనదే కావాలి. రాయగడ జిల్లా తెరుబలిలో తయారయ్యేది ఫెర్రోక్రోమ్, ఇనుమూ కర్బనమూ కలిసినది. అందులో ఈ 38 డిగ్రీల గుంట వెతకవద్దు. బంపర్ల మీది పూత కూడా పనికిరాదు, అందులో లోపలి ఒత్తిళ్ళు మార్పు వేడిని జరిపేస్తాయి. క్రోమియం పెళుసు, కడ్డీగా దొరకదు. పలకనుంచి కోయించి, దీర్ఘచతురస్రపు కడ్డీగా వాడాలి, సూత్రం దానికి వేరు.

ఈ రెండింటికీ నీళ్ళ తొడుగున్న రాగి గొట్టం చాలు. 5 నుంచి 60 °సె. వరకు నీటిని మారుస్తూ, కడ్డీ మాత్రం పొడి గాలిలో ఉండాలి. నీటిలో ముంచితే నీటి బరువు కూడా కడ్డీతోపాటు ఊగి స్వరం దిగిపోతుంది. గోపాలపురం తీరం దగ్గర వానాకాలం గాలిలో ఎంత తేమ ఉంటుందంటే, 25 °సె. కింద ఉన్న ఏ లోహం మీదైనా చెమట పడుతుంది. ఆ చెమట బరువుకు స్వరం తగ్గితే లోహం మెత్తబడిందనుకుంటారు. గొట్టం రెండు మూతల్లో సిలికా జెల్ సంచులు పెట్టండి. నీలం గులాబీ రంగుకు తిరిగితే పెనంలో వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. గడోలినియం తడి గాలికి మసకబారుతుంది కాబట్టి పని లేనప్పుడు మూత బిగించిన సీసాలో నూనెలో ఉంచాలి. దాని రజను నిప్పంటుకుంటుంది, ఆకురాయి పట్టేటప్పుడు పొడి పేరుకోనివ్వకండి.